మిషను ఇచ్చిన తారీఖు

పదిహేడో భాగం

పోయిన వారం మనం యశస్వినిని పంజగుట్టలో ఆస్పత్రి కింది అంతస్తున, ఓపీ కౌంటర్ పక్కన నిలబెట్టి వచ్చేశాం. ఆమె చేతిలో ఒక చీటీ ఉంది. దాని మీద హనుమాండ్లు అనే పేరు, గుండె డాక్టరు దగ్గరికి రావలసిన తారీఖు జూన్ పదిహేను, టైము పొద్దున పది. ఇలాంటి చీటీ మేం ఎవరికీ ఇవ్వలేదని కౌంటర్‌లో అమ్మాయి అడ్డంగా తల ఊపింది. చీటీ తెచ్చిన పోచమ్మ, "నా పెనిమిటి పోయి ఇయ్యాల్టికి పన్నెండు దినాలు" అంది. ఆ చీటీ ఎక్కడిదో ఆ హాల్లో తెలిసిన మనిషి ఒక్క యశస్వినే. అది ఆమె తయారు చేసిందే.

"లోపల కూసోండమ్మా, ఇప్పుడే వస్త" అని పోచమ్మను తన పరీక్ష గదిలో కూర్చోబెట్టి, ఆ పిల్ల చేసిన మొదటి పని మెట్ల కిందికి వెళ్లి గైడుకు ఫోన్ చేయడం. వెంటనే తిట్టుకోకండి. ఇరవై నాలుగేళ్లు ఆమెకు. భయపడినప్పుడు ఎవరైనా ముందు ఆనుకోవడానికి గోడే వెతుక్కుంటారు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఆమె చదువు సంగతి కాస్త చెప్పాలి. అమీర్‌పేటలో తల పైకెత్తితే చాలు, మూడు నెలల్లో ఉద్యోగం చేతిలో పెడతామనే బోర్డులు మీద పడతాయి. జావా, డాట్‌నెట్, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఆమె గదిలో ఉన్న ముగ్గురూ అవే నేర్చుకుని హైటెక్ సిటీ బస్సు ఎక్కేశారు. ఈమె మాత్రం మనిషికీ కంప్యూటరుకూ మధ్య నడిచే వ్యవహారం మీద ఎం.ఎస్. చేస్తోంది. సనత్‌నగర్‌లో ఫిట్టరుగా పనిచేసే తండ్రి రాజనర్సయ్య అదేం చదువని అడిగితే, "మనిషి మిషన్ ముంగట కూసుంటే యాడ ఆగుతడు, యాడ భయపడ్తడు, గది చూస్తం నాయినా" అని చెప్పింది. "గది సుత చదువేనా?" అన్నాడాయన. అలా అన్నవాడే మర్నాడు ఫ్యాక్టరీలో, నా బిడ్డ మిషన్లకు బుద్ధి చెప్తది అని పదిమందికి చాటుకున్నాడు.

ఆమె థీసిస్ అంతా ఒక మిషను చుట్టూ తిరుగుతుంది. చదువురాని వాళ్లు ఆస్పత్రిలో క్యూ కట్టకుండా తెర మీద బొమ్మలు వేలితో నొక్కి డాక్టరు టైము తీసుకోవచ్చు. అది తెలుగులో మాట్లాడుతుంది, చీటీ అచ్చు వేసి ఇస్తుంది. చిక్కల్లా ఒకటే, మిషను ఇంకా పుట్టలేదు. గదిలో ఉన్నది ముందు ఒక తెర, వెనక ప్లైవుడ్ అడ్డం, ఆ అడ్డం వెనక ఆమె క్లాస్‌మేట్ తారక్. ఇవతలి మనిషి ఎక్కడ వేలు పెడితే దానికి తగ్గ జవాబును అవతలి నుంచి తారక్ పంపుతాడు. కూర్చున్నవాళ్లు మిషనే మాట్లాడుతోందనుకుంటారు. మిషను కట్టడానికి ఏడాది ధారపోసే ముందు, కడితే జనం వాడతారా లేదా అని తేల్చుకునే పద్ధతి ఇది. ప్రపంచమంతా చేస్తారు. పని అయ్యాక ఆ మనిషికి నిజం చెప్పి పంపాలి. అది కూడా పద్ధతిలో భాగమే.

ఫోన్ ఎత్తగానే గైడు రామ్మోహనరావుగారు, "ఏంటమ్మా, సోమవారం థీసిస్ ఇవ్వాలి, బైండింగుకి పంపావా?" అని అడిగారు.

యశస్విని జరిగింది చెప్పింది. 

"చూడమ్మా, పాపం, ఆవిడ బాధ బాధే. కానీ ఆయన పోయింది గుండె జబ్బుతో. నీ తెరతో కాదు."

"ఆ చీటీ చూసుకునే వేరే ఆస్పత్రికి పోలేదట సర్."

"వేలిముద్ర వేయించుకున్నావుగా?"

"వేయించాను సర్."

"ఫారం చదివి వినిపించావుగా?"

"వినిపించాను."

"మరింకేం? ఆవిడని లెక్కలోంచి తీసెయ్. మధ్యలో విరమించుకుందని రాయి. ఎవరైనా ఎప్పుడైనా విరమించుకోవచ్చని మన ఫారంలోనే ఉంది. పదకొండు మందితోనూ ఫలితం నిలబడుతుంది." గొంతు తగ్గించి ఆయనే మళ్లీ అన్నారు. "ఆవిడతో మాత్రం ఏమీ అనకు. అన్నావంటే ఆస్పత్రి వాళ్లు రేపటి నుంచి మన పిల్లలెవరినీ గుమ్మం తొక్కనివ్వరు. నీ డిగ్రీ సంగతి కూడా నేను పూచీ పడలేను. అర్థమైందా?"

రామ్మోహనరావుగారు దుర్మార్గుడు కాదు. ఈ పిల్లకు సీటు రావడానికి కమిటీలో కుర్చీ వెనక్కి తోసి లేచి పోట్లాడిన మనిషి. అందుకే ఆ మాటలు ఆమెకు మరీ బరువుగా తగిలాయి. చెడ్డవాడు చెప్పిన చెడ్డ మాట తోసేయడం తేలిక.

గది బయట తారక్ ఎదురయ్యాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను పైకి వెళ్తున్నా. ఆవిడ నా గొంతు గుర్తుపడుతుందేమో."

"మాట్లాడింది నీ గొంతు కాదు గదా. రికార్డు చేసిన ఆడగొంతు."

"అయినా సరే," అని మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్లిపోయాడు.

తలుపు తీసే ముందు యశస్విని తన నోట్‌బుక్‌లో ఒక పేజీ చూసుకుంది. థీసిస్‌లో పోచమ్మకు పేరు లేదు, అక్కడ ఆమె పి-7. నాలుగో అధ్యాయమంతా ఆమె మీదే నిలబడింది. చదువురాదు, కంప్యూటరు ముట్టుకున్నది లేదు, అయినా ఎవరి సాయమూ లేకుండా నాలుగు నిమిషాల పది సెకన్లలో పని ముగించింది. పన్నెండు మందిలో అలా చేసింది ఆమె ఒక్కతే. ఆ పేజీని ఎన్నిసార్లు మురిపెంగా చదువుకుందో యశస్వినికే తెలుసు.

లోపల పోచమ్మ ఆనాడు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని ఉంది. తెర ఆర్పేసి ఉంది. యాభై దాటిన మనిషి, ఉతికిన తెల్లచీర. నుదురు బోడిగా ఉంది. చేతులు రెండూ ఒళ్లో ముడుచుకుంది.

"ఏం ముట్టుకోలె బిడ్డా. కూసున్నప్పటి సంది చేతులు గిట్లనే పెట్టుకున్న" అంది.

యశస్విని స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"ఒక్క మాట అడగనీకె వచ్చిన. నువ్వు ఆనాడు పక్కనే ఉంటివి గదా. నేను తప్పు నొక్కిన్నా?"

"ఎవరన్నరమ్మా?"

"నా కొడుకు. విజయేందర్. అగో, బయట బల్ల మీద కూసున్నడు. అమీర్‌పేటల టెస్టింగ్ కోర్సు చేస్తుండు. కంప్యూటర్ తప్పు జెయ్యదే అమ్మా, మనం ఏం నొక్కుతమో గదే ఇస్తది, నువ్వే దూరం తారీఖు నొక్కొచ్చినవ్ అంటుండు. లైన్‌ల నిలబడితే తెల్లారే డాక్టర్ చూస్తుండె, నీకెందుకే మిషను అంటుండు. నిన్న దినమైంది. సుట్టాలందరి ముందట గదే మాట. నా చేతి బువ్వ తింటలేడు బిడ్డా. పన్నెండు దినాలాయె, అమ్మా అని పిలుస్తలేడు."

కన్నీళ్లు లేవు. ఏడ్చి ఏడ్చి ఆ పని కూడా అయిపోయినట్టుంది. ఉన్నదల్లా ఆ ఒక్క అనుమానం, అదే ఆమెను లోపల్లోపల తొలిచేస్తోంది.

"ఆయనకు ఎప్పటి సంది బాలేకుండె?" అని అడిగింది యశస్విని. అడగకుండా ఉంటే బాగుండేదని అడిగాక అనిపించింది.

"ఛాతిల మంట అంటుండె. గందుకే గదా నేనొచ్చింది. చీటీ తీస్కపోయి చేతిల పెడితే ఎంత ఖుషీ అయిండో. బస్‌పాస్ కవర్ల పెట్టుకున్నడు. కంపెనీల అందరికి చూపెట్టిండట. నా పెండ్లాం మిషన్ నడిపిచ్చి తెచ్చింది అని." పోచమ్మ పెదవి కొంచెం నవ్వబోయి ఆగింది. "శనివారం నొప్పి జాస్తయింది. పెద్దదవాఖానకు పోదాం లే అన్న. వద్దే, పదిహేనుకు పెద్ద డాక్టర్ చీటీ ఉన్నది, గన్ని దినాలు ఆగలేనా అన్నడు. సోమవారం తెల్లారంగ పోయిండు."

యశస్విని థీసిస్‌లో ముప్పై ఎనిమిదో పేజీలో ఒక వాక్యం ఉంది. అచ్చు చీటీ చేతికి అందిన వాడుకరిలో వ్యవస్థ మీద నమ్మకం గణనీయంగా పెరుగుతుంది. మొదటి వారం చీటీ అడుగున ఎర్రక్షరాలతో 'నమూనా, చెల్లదు' అని ఉండేది. అది చూసి జనం సందేహపడుతున్నారు, పక్కవాళ్లను అడిగి చదివించుకుంటున్నారు, నమ్మకం సరిగ్గా కొలవడం కుదరడం లేదు. అందుకని ఆమే ఆ ఎర్రక్షరాలు తీసేయించింది. తెలివైన పని చేశానని ఆ రోజు తారక్‌కు టీ ఇప్పించింది కూడా. ఇప్పుడు ఆ నమ్మకం ఎంత పెరిగిందో ఆమెకు బాగానే తెలిసింది.

ఇంకొకటి. పోచమ్మను ఆమె పిలిచింది ఓపీ క్యూలోంచే. నిజంగా అవసరం ఉన్నవాళ్లయితేనే పరీక్ష నిజంగా ఉంటుందని. ఫారం చదివి వినిపించిన మాట వాస్తవమే. 'ఈ అధ్యయనంలో మీ భాగస్వామ్యం స్వచ్ఛందం, ఇది పరిశోధన నిమిత్తం రూపొందించిన నమూనా' అని అచ్చం పుస్తకాల భాషలో గడగడా చదివింది. పెళ్లిలో మంత్రాలు విన్నట్టు విని, మంచిది బిడ్డా అని పోచమ్మ వేలు ముందుకు చాపింది. పని అయ్యాక నిజం చెప్పి, కౌంటర్‌లో అసలు చీటీ ఇప్పించి పంపాలి. సరిగ్గా ఆ సమయానికి రామ్మోహనరావుగారు ఏదో కంపెనీ పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆమె వాళ్ల దగ్గరికి పరుగెత్తింది. తారక్ చెప్పే ఉంటాడనుకుంది. యశస్విని చెప్పే ఉంటుందని తారక్ అనుకున్నాడు. పరీక్షలన్నీ అయ్యాక ఒక సాయంత్రం కాగితాల్లో 'నిజం తెలిపాము' అనే గడిలో పన్నెండు మందికీ ఒకేసారి టిక్కులు పెట్టేసింది. ఆ టిక్కుల కాగితం ఇప్పుడు ఎదురుగా ఫైల్లోనే ఉంది.

"అమ్మా, మీరు ఏం తప్పు నొక్కలె" అంది యశస్విని.

"నిజమా?"

"ఒక్కటి సుత తప్పు పోలె. మీరు నొక్కినంత మంచిగ ఇంకెవరు నొక్కలె. తప్పు నాది. అసలు గది మిషనే కాదమ్మా. ఉత్త తెర. చదువు కోసం పెట్టిన. ఆ చీటీకి డాక్టర్‌తోని సంబంధం లేదు. మీకు ఆనాడే చెప్పి పంపాలె. చెప్పలేదు. నేనే చెప్పలేదు."

చెప్పేసింది. డిగ్రీ, గైడు, ఆస్పత్రి, అన్నీ గుర్తున్నాయి, గుర్తుండే చెప్పింది. చెంప మీద దెబ్బ పడుతుందని కళ్లు దించుకుంది.

దెబ్బ పడలేదు. పోచమ్మ ఆ మాటల్లో తనకు కావలసింది ఒక్కటే ఏరుకుంది.

"అంటే నేను మంచిగనే నొక్కిన."

"మంచిగనే నొక్కిన్రు."

"నా చేతిల తప్పు లేదు."

"లేదమ్మా."

పోచమ్మ నెత్తిమీది బరువు దించినట్టు పెద్దగా ఊపిరి వదిలింది. యశస్విని తల మీద చెయ్యి పెట్టింది. "దొంగమాట చెప్తే ఎవరడుగుతుండె నిన్ను? నిజం చెప్పినవ్. సల్లగుండు బిడ్డా" అంది. ఆ చెయ్యి బరువుకు యశస్వినికి ఏడుపు ఆగలేదు. దెబ్బ కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

కథ ఇక్కడ ముగిస్తే ఎవరికీ నష్టం లేదు. తల్లి బయటికి పోయి కొడుకుతో, మిషను ఉత్తదంట అని చెప్పుకునేది. పిల్ల క్షమాపణ చెప్పిన పుణ్యం మూటగట్టుకుని థీసిస్ బైండింగుకు పంపుకునేది. నాక్కూడా ఈ వారం తొందరగా కలం మూసేసే వీలు దొరికేది. కానీ లేవబోతూ పోచమ్మ మళ్లీ కూర్చుంది.

"గట్లయితే పదిహేను తారీఖు ఎవరు పెట్టిన్రు బిడ్డా?"

యశస్విని ఫైలు దగ్గరికి లాక్కుంది.

"నాకు సరిగ యాదికొస్తలేదు. రేపు అన్న బొమ్మ మీదనే నొక్కినట్టు అనిపిస్తది. మల్ల విజయేందర్ అన్నదే నిజమేమో అనిపిస్తది. మిషను ఉత్తదైతే, రేపు రమ్మని రాసియ్యనీకె ఏమాయె? రేపని రాసిస్తే, తెల్లారి మేమిద్దరం వస్తుంటిమి గదా. చీటీ చెల్లదని అప్పుడే తెలుస్తుండె. లైన్‌ల నిలబడి డాక్టర్‌ని చూపిచ్చుకుంటుంటిమి."

చదువురాని ఆ మనిషి రెండు ముక్కల్లో తేల్చేసిన లెక్కను యశస్విని మెట్ల కింద నిలబడ్డప్పటి నుంచీ తన లోపల తొక్కిపట్టి ఉంచింది. రామ్మోహనరావుగారికి ఫోన్‌లో చెప్పిన దాంట్లో కూడా ఈ సంగతి లేదు. ఇంతసేపూ చెప్పిన నిజం, ఈ పెద్ద నిజం పోచమ్మ అడగకుండా ఉండడానికి కట్టిన సుంకం లాంటిదని ఆమెకే ఇప్పుడు తెలిసింది.

"చెప్పు బిడ్డా."

"మీరు రేపు అనే నొక్కిన్రు" అంది యశస్విని. "రెండుసార్లు నొక్కిన్రు. రెండుసార్లు మిషను ఖాళీ లేదన్నది."

"నిజంగ లేకుండెనా?"

"మేం కౌంటర్‌ల అడగనే లేదమ్మా. లేదని చెప్పాలని నేనే రాసి పెట్టిన. మిషను లేదంటే మనుషులు ఏం జేస్తరో చూడనీకె. లేచి పోతరా, మల్ల నొక్కుతరా, కోపం చేస్తరా అని. పన్నెండు మందిల ఆరుగురికి అవును, ఆరుగురికి లేదు. లేదనేది ఒకటి, మూడు, ఐదు, ఏడుకు. మీరు ఏడో మనిషి."

ఎనిమిదో మనిషి అయి ఉంటే రేపటికి చీటీ వచ్చేది. పోచమ్మ ముందు నిలబడిన ముసలాయన పరీక్షకు రానని క్యూలోంచి కదలలేదు. ఆయన వచ్చి ఉంటే పోచమ్మ ఎనిమిదో మనిషి అయ్యేది. ఆ సంగతి కూడా యశస్వినికి తెలుసు. అది మాత్రం నోటికి రాలేదు.

"రెండోసారి లేదన్నంక నేనేం జేసిన?" అడిగింది పోచమ్మ. గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు.

"బతిమిలాడిన్రు."

"ఎవర్ని?"

"మిషన్‌ను. తెర మీద చెయ్యి పెట్టి, జర సూడు తల్లీ, ఆయనకు పాణం బాగలేదు, యాడన్న జర జాగ ఇయ్యి అన్నరు."

ఆ మాటలు థీసిస్‌లో ఉన్నాయి. అరవై ఒకటో పేజీ. నిరక్షరాస్యులు యంత్రాన్ని మనిషిగా భావించి వరుస కలుపుతారనడానికి చక్కని ఉదాహరణగా, ఉన్నవి ఉన్నట్టు రాసింది. రామ్మోహనరావుగారు ఆ పేరా పక్కన పెన్సిల్‌తో బాగుంది అని రాశారు.

"తెర వెనక మనిషున్నడు" అంది యశస్విని. ఇక ఆపుకోదలుచుకోలేదు, ఆపుకునే ఓపిక కూడా లేదు. "మా దోస్తు. మీరు నొక్కినదానికి జవాబు పంపేటోడు. మీరు గట్ల బతిమిలాడంగనే అతని చెయ్యి ఆగింది. అడ్డం సందులకెల్లి నా దిక్కు చూసిండు. రేపు ఇచ్చేద్దామా అన్నట్టు. నేను మీ వెనకనే నిలబడ్డ."

"నువ్వేమన్నవ్?"

"వద్దని తల ఊపిన."

హాల్లో ఎవరో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. పోచమ్మ ఆర్పేసిన తెర వైపు చూసింది, ప్లైవుడ్ అడ్డం వైపు చూసింది, తర్వాత తన కుర్చీ వెనక యశస్విని ఆనాడు నిలబడిన చోటు చూసింది. కొలుచుకుంటున్నట్టుగా చూసింది. రెండడుగులు కూడా ఉండదు.

"ఇంత దగ్గర నిలబడ్డవా?" అంది.

యశస్విని అవునని తల ఊపింది. ఈసారి ఏడుపు రాలేదు. ఇలాంటప్పుడు ఏడిస్తే అది కూడా ఎదుటిమనిషి దగ్గర అడుక్కోవడమే అవుతుందని, ఎలా తెలిసిందో గాని, ఆమెకు తెలిసింది.

పోచమ్మ లేచింది. కొంగు భుజం చుట్టూ బిగించుకుంది. తిట్టలేదు, శపించలేదు. తలుపు దగ్గరికి నడిచి, రెక్క పూర్తిగా తెరిచి, బయట బల్ల మీద తల వంచుకుని కూర్చున్న పిల్లవాడిని పిలిచింది.

"విజయేందర్. లోపలికి రా."

అతను కదల్లేదు. తల్లి పిలిస్తే పలకడం మానేసి పన్నెండు రోజులైంది కదా.

"నా మాట వినకు. నేను చెప్తలేను. గీ మేడం చెప్తది, గామె మాటన్న విను."

విజయేందర్ లేచి వచ్చాడు. సన్నగా, తండ్రి కర్మకు గుండు చేయించుకున్న తలతో, జేబులో రెండు పెన్నులతో. గుమ్మంలో ఆగి తెర చూశాడు, మూలన ఉన్న కెమెరా చూశాడు. ప్లైవుడ్ అడ్డం వెనక రెండో కంప్యూటరు, దాని మీద వేలాడుతున్న తీగలు చూశాడు. ఆరు వారాలుగా నేర్చుకుంటున్న చదువు అతనికి ఆ గది ఏమిటో మనం అనుకున్నదానికంటే తొందరగా చెప్పేసింది. మొహంలో రంగు మారింది.

పోచమ్మ యశస్విని వైపు తిరిగింది.

"మొదటికెల్లి చెప్పు. నేను ఎన్నిసార్లు నొక్కిన్ననో చెప్పు. ఏమని బతిమిలాడిన్ననో గది సుత చెప్పు. వీని తండ్రికి రేపు తారీఖు ఇద్దామంటే వద్దన్నది ఎవరో, ఆఖరికి గదొక్కటి చెప్పు."

విజయేందర్ లోపలికి అడుగు పెట్టి, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి, గది తలుపు మూసి గడియ పెట్టాడు.